ముప్ఫయ్యారు సెంట్లూ, ఒక పేరూ

పిల్లలూ, ఈ నెల మాకు వచ్చిన ఉత్తరాలలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి రాసినది మాకు బాగా నచ్చింది. ఆ అమ్మాయి ఇలా అడిగింది: "మా తాతగారు వయసులో ఉన్నప్పుడు నాటకాలలో పద్యాలు పాడేవారట. ఇప్పుడు పాడితే గొంతు వణుకుతుంది, మధ్యలో దగ్గు వస్తుంది. కాని డెబ్బయ్యేళ్ళ దగ్గర పడినవాళ్ళు కూడా గంటల తరబడి కచేరీలు చేస్తారని విన్నాను. అది ఎలా సాధ్యం? వాళ్ళ గొంతు ముసలిది కాదా?"

అవుతుంది. గొంతు కూడా కాళ్ళలాగా, కళ్ళలాగా ముసలిదవుతుంది. అయితే ఆ సంగతి ఉత్తిగా చెప్పేకన్న, ఒక గాయని కథతో కలిపి చెబితే మీకు బాగా తెలుస్తుంది.

2008వ సంవత్సరం, అక్టోబరు 1వ తేదీ. అమెరికాలో కాన్సాస్ సిటీ అనే నగరంలో ఒక పెద్ద మందిరం ఉంది. సాయంత్రం అయింది, జనం బారులు తీరి లోపలికి వస్తున్నారు. తెర వెనక ఎత్తు మడమల చెప్పులు తొడుక్కుని సిద్ధంగా ఉన్న గాయని వయసు 68 ఏళ్ళు. మరుసటి నెలలో 69 నిండుతాయి. పెద్ద యాత్రలు ఇక చెయ్యనని చెప్పి, ఎనిమిదేళ్ళ క్రితమే ఆమె సెలవు తీసుకుంది. ఇప్పుడు మళ్ళీ వస్తున్నది. ఇది 90 కచేరీలలో మొదటిది. రెండు గంటలకు పైగా పాడాలి, ఆడాలి. చివరలో ఒక పొడుగాటి ఇనప చెయ్యి ఆమెను వేదిక మీది నించి లేపి, జనం నెత్తిన గాలిలో తీసుకుపోతుంది. దాని మీద నిలబడి పాడాలి!

ఆమె పేరు టీనా టర్నర్. కాని ఆ పేరు ఆమె తల్లిదండ్రులు పెట్టినది కాదు. ఆ పేరు ఎలా వచ్చింది, అది తనది కావడానికి ఆమె ఏమి ఇచ్చుకోవలసి వచ్చింది అన్నదే ఈ కథలో అసలు సంగతి.

అమెరికాలో టెనెసీ అనే రాష్ట్రంలో నట్‌బుష్ అనే చిన్న పల్లె ఉంది. చుట్టూ పత్తి చేలు. 1939 నవంబరు 26న ఆ పల్లెకు దగ్గరలోనే ఉన్న బ్రౌన్స్‌విల్ అనే ఊళ్ళో ఒక నల్లజాతి కుటుంబంలో ఆడపిల్ల పుట్టింది. ఆనా మే బులక్ అని పేరు పెట్టారు. ఆమె పెరిగింది నట్‌బుష్‌లోనే. పిల్లలు కూడా పత్తి తీయడానికి వెళ్ళేవారు. పత్తికాయ విచ్చినప్పుడు దాని డిప్పల కొనలు ఎండి ముళ్ళలా ఉంటాయి, వేళ్ళు గీరుకుపోతాయి. పత్తి చేలున్న ఊళ్ళ పిల్లలకు ఈ సంగతి మేము చెప్పనక్కర లేదు. ఆనా మేకు ఆ పని బొత్తిగా ఇష్టం లేదు.

ఆ రోజుల్లో అక్కడ నల్లవారి పిల్లలకు ఒక బడి, తెల్లవారి పిల్లలకు వేరే బడి. ఆమె చదువుకున్న ఫ్లాగ్ గ్రోవ్ బడి ఒకే ఒక గది. 1889లో నల్లజాతివారు తమ పిల్లల కోసం కట్టుకున్నది. ఆమె బంధువర్గంలోని ఒక పెద్దాయనే దానికి స్థలం సమకూర్చాడు.

ఆమెకు పదకొండేళ్ళప్పుడు తల్లి ఇల్లు విడిచి వెళ్ళింది. కొంతకాలానికి తండ్రి కూడా వెళ్ళిపోయాడు. అమ్మమ్మ పెంచింది. ఆదివారం వస్తే చర్చిలో పాటలు. మన ఊళ్ళ భజనలలో ఒకరు ముందు పాడితే తక్కినవారు అందుకుంటారు చూశారూ, నల్లజాతివారి చర్చిలలో కూడా అంతే. ఒకరు ఎత్తుకుంటారు, సభ అంతా చప్పట్లతో జవాబు చెబుతుంది. తరవాతి కాలంలో ఈ భక్తిపాటల ధాటిని లోకసహజమైన పాటలలోకి తెచ్చినప్పుడు దానికి "సోల్" అని పేరు వచ్చింది. సోల్ అంటే ఆత్మ. దీనికి గిటారు హోరూ, డోళ్ళ ఉరవడీ ఎక్కువగా చేరిస్తే రాక్ సంగీతానికి దగ్గర పడుతుంది. ఆనా మే ఈ రెండింటిలోనూ పేరు తెచ్చుకుంది.

అమ్మమ్మ పోయాక, పదహారేళ్ళ వయసులో ఆనా మే సెంట్ లూయిస్ నగరంలో ఉన్న తల్లి దగ్గరికి చేరింది. నర్సు కావాలని ఆమె కోరిక. ఒక ఆస్పత్రిలో సహాయకురాలిగా కూడా పని చేసింది. ఆ నగరానికి నది అవతల ఒక క్లబ్బులో ఐక్ టర్నర్ అనే వాద్యకారుడి బృందం వాయిస్తూ ఉండేది. అక్క వెంట ఆనా మే కూడా వెళ్ళేది. 1957లో ఒక రాత్రి విరామ సమయంలో, డోళ్ళు వాయించే అతను వేళాకోళానికి మైకు తెచ్చి అక్క ముందు పెట్టాడు. అక్క పాడనన్నది. చెల్లెలు మైకు అందుకుని పాడింది! ఐక్ టర్నర్ ఆశ్చర్యపోయి కిందికి దిగి వచ్చాడు. ఈ బక్కపలుచని పిల్లలో ఇంత గొంతు ఎక్కడ ఉందని!

ఇక్కడ కథ కాస్త ఆపి, గొంతు సంగతి చూద్దాం. మీ చెయ్యి గొంతు మీద ఆనించి "ఆ..." అనండి. లోపల ఏదో గిజగిజలాడుతున్నట్టు తెలుస్తుంది కదా? అక్కడ స్వరపేటిక ఉంది. దానిలో రెండు చిన్న కండరపు మడతలు ఉంటాయి. వాటిని స్వరతంత్రులు అంటారు. ఆడవారిలో వీటి పొడుగు సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్లు, అంటే మీ చిటికెన వేలి గోరంత! ఊపిరితిత్తుల నుంచి గాలి పైకి వచ్చేటప్పుడు ఇవి ఒకదానికొకటి తగులుతూ విడిపోతూ కంపిస్తాయి. మాట్లాడేటప్పుడు ఆడవారి స్వరతంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తాయి, మగవారివి సుమారు 120 సార్లు, మీ వంటి పిల్లలవి 300 సార్ల దాకా.

ఒక బుడగ ఊది, దాని మూతిని రెండు వైపులా లాగి పట్టుకుని గాలి వదలండి. కీచుమంటుంది. ఇంకా గట్టిగా లాగితే కీచు ఇంకా పైకి పోతుంది. పై స్థాయిలో పాడేటప్పుడు మన గొంతులో జరిగేది కూడా ఇదే. అయితే బుడగ మాటలాడలేదే! నోరూ, ముక్కూ, నాలుకా, గొంతు గొట్టమూ కలిసి ఆ కీచును మాటగా, పాటగా మలుస్తాయి. అందుకే ఒకే ఎత్తులో పాడినా ఇద్దరి గొంతులు ఒక్కలా ఉండవు. టీనా గొంతులో ఒక రకమైన గరుకుతనం ఉంది. రెండు తంత్రులూ ఒక్క తీరున, నున్నగా కంపించకపోతే ఆ గరుకు వస్తుంది. మేమైతే ఆ గరుకులోనే ఆమె అందం ఉందంటాం. కాని అలా పాడదామని మీరు అరవకండి! అరిచి అరిచి పాడేవారికి, గునపం పట్టే చేతికి కాయలు కాసినట్టు, స్వరతంత్రుల మీద చిన్న చిన్న బుడిపెలు వస్తాయి. అప్పుడు గొంతు బొంగురుపోతుంది.

1960లో ఐక్ టర్నర్ ఒక పాట రికార్డు చెయ్యాలనుకున్నాడు. పాడవలసిన మనిషి రాలేదు. ఆ పాట ఆనా మే చేత పాడించారు. రికార్డు విపరీతంగా అమ్ముడయింది. రికార్డు మీద గాయని పేరు "టీనా టర్నర్" అని అచ్చయింది. ఆమెను అడగకుండానే ఐక్ ఆ పేరు పెట్టాడు. అంతే కాదు, ఆ పేరును తన సొత్తుగా నమోదు చేయించాడు. రేపు ఈ పిల్ల వెళ్ళిపోతే ఇంకొక పిల్లను తెచ్చి "ఈమే టీనా టర్నర్" అనవచ్చునని అతని ఎత్తు. ఆ తరవాత అతను ఆమెను పెళ్ళి చేసుకున్నాడు.

ఐక్ టర్నర్ గొప్ప వాద్యకారుడు, ఆ మాట ఒప్పుకోవలసిందే. 1951లో అతని బృందం వాయించిన "రాకెట్ 88" రాక్ అండ్ రోల్ రికార్డులలో మొట్టమొదటిదని అనేవారు చాలామంది ఉన్నారు. కాని ఇంట్లో అతను భార్యను కొట్టేవాడు. ఏళ్ళ తరబడి కొట్టాడు. తరవాత ఆమె తన ఆత్మకథలో ఆ సంగతులు దాచకుండా రాసింది. పిల్లల పత్రికలో ఇది ఎందుకని పెద్దలు కొందరు అనవచ్చు. దీన్ని దాచిపెట్టి ఆమె కథ చెబితే అది కథ కాదు, అబద్ధం.

బయటి లోకానికి మాత్రం వెలుగే కనిపించింది. 1966లో ఫిల్ స్పెక్టర్ అనే ఆయన ఆమె చేత "రివర్ డీప్, మౌంటెన్ హై" పాడించాడు. అమెరికాలో దాన్ని పట్టించుకున్నవారు లేరు, ఇంగ్లండులో మాత్రం మూడో స్థానానికి ఎక్కింది. ఆ సంవత్సరమే రోలింగ్ స్టోన్స్ బృందంతో ఇంగ్లండు అంతా తిరిగి పాడింది. 1971లో "ప్రౌడ్ మేరీ" వచ్చింది. నెమ్మదిగా, తీరిగ్గా మొదలై, ఉన్నట్టుండి గుర్రపు దౌడు అందుకునే పాట అది. 1973లో తన ఊరి మీద తానే ఒక పాట కట్టింది. అదే "నట్‌బుష్ సిటీ లిమిట్స్".

1976 జులై మొదటి రోజులు. డాలస్ నగరంలో కచేరీ ఉంది. హోటలుకు వెళ్ళే దారిలో కారులోనే ఐక్ ఆమెను కొట్టాడు. హోటలు చేరాక అతను నిద్రపోయాడు. ఆమె లేచి, మొహం మీది రక్తంతోనే వెనక దారిన బయటపడింది. లారీలు దూసుకుపోయే పెద్ద రహదారి ఒకటి అడ్డు వచ్చింది. దాన్ని దాటుకుని ఇంకొక హోటలుకు పోయి తలదాచుకోవడానికి గది అడిగింది. అప్పుడు ఆమె దగ్గర ఉన్నది ముప్ఫయ్యారు సెంట్లూ, పెట్రోలు పోయించుకునే కార్డు ఒకటీ. నూరు సెంట్లు ఒక డాలరు. అంటే పూర్తిగా అరడాలరైనా లేదు. ఆ హోటలు నడిపే ఆయన ఆమెకు గది ఇచ్చాడు.

విడాకుల వ్యవహారం 1978 దాకా సాగింది. ఆస్తిలోనూ, డబ్బులోనూ తనకు రావలసినది ఆమె చాలావరకు వదులుకుంది. పైగా, ఆమె వెళ్ళిపోయినందువల్ల ఆగిపోయిన కచేరీల తాలూకు నష్టాలు కూడా ఆమె నెత్తినే పడ్డాయి. ఒక్కటి మాత్రం పట్టుబట్టి అడిగింది: "ఆ పేరు నాకు ఉండనివ్వండి."

ఆలోచించండి. ఆ పేరు ఆమె పెట్టుకున్నది కాదు. ఆమెను కట్టి ఉంచడానికి ఇంకొకరు పెట్టినది. చిన్నప్పటి పేరుకు తిరిగి వెళ్ళిపోవచ్చు కదా? కాని పదహారేళ్ళుగా ఆ పేరు కింద పాడిన గొంతు ఎవరిది? ఆడిన కాళ్ళు ఎవరివి? ఆ పేరు చూసి టిక్కెట్టు కొన్న మనిషి ఎవరి కోసం కొన్నాడు? ఆమె లెక్క ఇది. మా దృష్టిలో ఆమె చేసిన బేరాలన్నిటిలోకి తెలివైనది ఇదే.

ఆ తరవాత ఏడెనిమిదేళ్ళు తేలికగా గడవలేదు. ప్రభుత్వం బీదలకు ఇచ్చే ఆహారపు కూపన్లతో కొన్నాళ్ళు ఇల్లు గడిచింది. హోటళ్ళలో, చిన్న చిన్న సభలలో పాడింది. టెలివిజను పోటీలకు వెళ్ళింది. రికార్డు కంపెనీలకు ఆమె పాతబడిన మనిషి. 1983 మొదట్లో ఆమె న్యూయార్కులో పాడుతున్నది. డేవిడ్ బోవీ అనే ప్రఖ్యాత గాయకుడు అప్పుడు ఆ నగరంలో ఉన్నాడు. "ఈ రాత్రి నాకు ఇష్టమైన గాయని పాట వినడానికి పోతున్నాను" అని కంపెనీ పెద్దలతో అన్నాడు. వాళ్ళూ వెంట వెళ్ళారు. దానితో గాలి మళ్ళింది. 1984లో "ప్రైవేట్ డాన్సర్" అనే ఆల్బం వచ్చింది. అది ఒక్క అమెరికాలోనే 50 లక్షలకు పైగా పోయింది. అందులోని "వాట్స్ లవ్ గాట్ టు డూ విత్ ఇట్" అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. తమాషా ఏమిటంటే, మొదట ఆ పాట ఆమెకే నచ్చలేదట! అప్పటికి ఆమె వయసు 44. మరుసటి సంవత్సరం గ్రామీ బహుమానాలు మూడు వచ్చాయి. మూడింటి మీదా అదే పేరు, టీనా టర్నర్.

1988 జనవరి 16న బ్రెజిల్‌లో, రియో డి జనీరోలోని మారకానా అనే ఫుట్‌బాల్ క్రీడారంగంలో ఆమె కచేరీ జరిగింది. సుమారు 1,80,000 మంది టిక్కెట్టు కొని వచ్చారు. ఒక జిల్లా కేంద్రపు జనాభా అంతా ఒక్కచోట కూర్చున్నట్టు అనుకోండి.

ఇంతమంది పాట వినాలంటే ఎలా? మైకు ఉంది కదా అంటారు. మైకు ఉన్నా ఒక చిక్కు ఉంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వేదిక నుంచి 170 మీటర్ల దూరాన కూర్చున్నవాడికి పాట అరసెకను ఆలస్యంగా చేరుతుంది. గాయని చప్పట్లు చరచడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తరవాత వినిపిస్తుంది. మీ ఊరి చెరువుకు అవతల చాకిరేవులో బట్ట బండ మీద పడ్డాక కాసేపటికి చప్పుడు రావడం మీరు చూసే ఉంటారు. సరే, దూరాన ఉన్నవారి కోసం మధ్యలో స్తంభాలు నాటి వాటి మీద లౌడ్‌స్పీకర్లు పెడతారు. తీగలలో విద్యుత్తు దాదాపు వెలుగంత వేగంగా పోతుంది. కాబట్టి దగ్గర లౌడ్‌స్పీకరులోని పాట ముందు వినిపించి, వేదిక మీది పాట గాలిలో ఈదుకుంటూ అరసెకను తరవాత వస్తుంది. ఒక్క మాట రెండుసార్లు వినపడి అంతా గందరగోళం! అందుచేత ఆ దూరపు లౌడ్‌స్పీకర్లలోకి పోయే పాటను యంత్రంతో కావాలనే కొంచెం ఆపి వదులుతారు. రెండూ కలిసి చెవిని చేరేటట్టు లెక్క కడతారు.

ఇంకొక వింత వినండి. పాతకాలపు రేడియోలో ఇటువంటి కచేరీ సూటిగా ప్రసారమైతే, వెయ్యి కిలోమీటర్ల దూరాన ఇంట్లో రేడియో పక్కన కూర్చున్నవాడు, మధ్య స్తంభాలు లేని సభలో ఆఖరి వరసలో ఉన్నవాడికన్న ముందే పాట వింటాడు! రేడియో తరంగాలు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతాయి మరి. ఎంత ముందు వింటాడో మీరే లెక్క కట్టి చూడండి.

ఇప్పుడు ఉత్తరం రాసిన అమ్మాయి ప్రశ్నకు వద్దాం. వయసు వచ్చేకొద్దీ స్వరతంత్రులలోని కండరం పలచబడుతుంది. పైనుండే తడి తగ్గుతుంది. స్వరపేటికలోని మృదువైన ఎముకలు గట్టిపడతాయి. ఊపిరితిత్తులకు సాగే గుణం తగ్గి, ఒక్క దమ్ములో పాడగల పాట పొట్టిదవుతుంది. తంత్రులు పూర్తిగా మూసుకోక మధ్యలో గాలి జారిపోతుంది. వణుకు అందువల్ల వస్తుంది. ఇది అందరికీ తప్పదు. కాని పాడడం మానకుండా, గొంతును చంపుకోకుండా, మితంగా సాధన చేసేవారికి ఇది ఆలస్యంగా వస్తుంది. మంచినీళ్ళు బాగా తాగాలి, నిద్ర పోవాలి. అన్నిటికన్న ముఖ్యం దమ్ము. దమ్మంటే గొంతులో లేదు, పొట్టలో ఉంది. ఆడుతూ పాడే మనిషికి కాళ్ళ బలమే సగం గొంతు.

కాన్సాస్ సిటీలో మొదలైన ఆ యాత్రను ఎలా అమర్చారో చూడండి. కచేరీని రెండు భాగాలు చేసి నడుమ విరామం పెట్టారు. ఆట, హోరు ఉన్న పాటల మధ్య కొన్ని పాటలు ఆమె కూర్చుని, మెల్లగా పాడింది. దుస్తులు మార్చుకునే సమయంలో వాద్యబృందమూ, ఆటగాళ్ళూ వేదిక నడిపించారు. అంటే గొంతుకూ కాళ్ళకూ విశ్రాంతి కచేరీలోనే దాచి పెట్టారన్నమాట. చూసేవారికి అది తెలియదు. 90 కచేరీలూ పూర్తయ్యి, 2009 మే 5న ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఆఖరిది జరిగింది. ఆ తరవాత ఆమె మళ్ళీ యాత్ర చెయ్యలేదు. అంతకు ముందు రెండుసార్లు సెలవు చెప్పి మళ్ళీ వచ్చిన మనిషి ఈసారి మాట నిలబెట్టుకుంది!

అప్పటికే ఆమె స్విట్జర్లండులో స్థిరపడింది. 2013లో ఆ దేశపు పౌరురాలయింది. ఎర్విన్ బాక్ అనే ఆయనతో ఎన్నో ఏళ్ళ స్నేహం. ఆ సంవత్సరమే ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. పెళ్ళయిన కొద్ది రోజులకే ఆమెకు పక్షవాతం వచ్చింది. నడక మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. తరవాత మూత్రపిండాలు చెడ్డాయి. 2017లో భర్త తన మూత్రపిండం ఒకటి ఇచ్చి బతికించుకున్నాడు. పెద్దలు గమనించవలసిన మాట ఒకటి ఉంది. ఆమెకు చాలాకాలంగా రక్తపు పోటు. డాక్టర్లు ఇచ్చిన మందులు ఆపి, వాటికి బదులు హోమియోపతీ వాడానని, దానివల్ల తన మూత్రపిండాలకు చేటు జరిగిందని 2023 మార్చిలో ఆమె స్వయంగా లోకానికి చెప్పింది. నలుగురికీ ఉపయోగపడుతుందని తన తప్పు తానే చాటింది. ఆ సంవత్సరం మే 24న, 83 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

ఆమె చదివిన ఒంటిగది బడి ఏమయిందని అడుగుతారేమో. చాలాకాలం పాడుపడి ఉండగా దాన్ని విప్పదీయకుండా నట్‌బుష్ నుంచి బ్రౌన్స్‌విల్‌కు తెచ్చి, బాగు చేసి, 2014లో ప్రదర్శనశాలగా తెరిచారు. లోపల పాత బల్లలతో పాటు ఆమె కచేరీలలో కట్టుకున్న తళుకు దుస్తులు ఉన్నాయి. ఊరి మీదుగా పోయే రహదారిలో కొంత భాగానికి టీనా టర్నర్ పేరు పెట్టారు.

వచ్చే నెల: గబ్బిలం చీకట్లో గోడకు ఎందుకు కొట్టుకోదు? ఈలోగా రేడియో లెక్కకు జవాబులు పంపించండి. లెక్క కట్టిన తీరు కూడా రాయాలి సుమా!